ఓటు యంత్రముల తనిఖీ నిబంధనలు: ఒక విమర్శ

ఎన్నికలయందు ఓటు వేయుట యొక యెత్తు. వేసిన యోటు వేసినట్లుగనే లెక్కలోనికి వచ్చినదను నమ్మకము కలుగుట మఱియొక యెత్తు. కాగితపు చీటీలను బల్లమీద గుమ్మరించి, అభ్యర్థుల ఏజెంట్లు చుట్టును కూర్చుండి చూచుచుండగా కట్టలు కట్టి లెక్కించిన దినములలో ఈ రెండవదానికి వేరుగా నిబంధనలు అక్కఱలేకపోయెను. కన్నులున్న ప్రతివాడును తనిఖీదారుడే. లెక్క యంత్రము కడుపులోనికి పోయిన పిమ్మటనే, యంత్రము చెప్పిన యంకె నిజమా యను ప్రశ్న శాసనకర్తలకును, న్యాయస్థానములకును, గణితశాస్త్రజ్ఞులకును ఎదురైనది. దీనికి అమెరికా సంయుక్త రాష్ట్రములలోని ఒక్కొక్క రాష్ట్రము ఒక్కొక్క తీరున సమాధానము వ్రాసికొన్నది. భారతదేశము తన సమాధానమును తాను చెప్పినది. హోసూరునందైనను, బళ్లారియందైనను, బరంపురమునందైనను, యానామునందైనను ఓటు వేయు తెలుగువారందఱకును ఆ రెండవ సమాధానముతో నేరుగా సంబంధమున్నది. కాని మొదటిదానిని చూడనిదే రెండవదానిలోని లోపము కనబడదు.

అమెరికాలో ఎన్నికల నిర్వహణము రాష్ట్రముల పని. 2000లో ఫ్లోరిడాయందు అధ్యక్ష పదవికి జరిగిన పోటీ 537 ఓట్ల తేడాతో ముగిసినప్పుడు, సగము తెగి సగము వ్రేలాడు కాగితపు తునకలున్న పంచికార్డులను కంటి కెదురుగా పట్టుకొని పరిశీలించుచున్న అధికారుల చిత్రములు ప్రపంచమంతయు చూచెను. అందుపై 2002లో దేశ చట్టసభ ఒక చట్టము చేసి, పాత యంత్రములను మార్చుటకు రాష్ట్రములకు ధనమిచ్చెను. ప్రతి ఓటింగు విధానమును చేతితో తనిఖీ చేయుటకు వీలైన కాగితపు దాఖలాను ఇయ్యవలెనని ఆ చట్టము శాసించినది. తనిఖీ చేసి తీరవలెనని మాత్రము శాసింపలేదు. బావి త్రవ్వించి, తోడుకొనుట మీ యిష్టమన్నట్లున్నది. ఆ ధనముతో అనేక ప్రాంతములు కొన్న తాకుతెర యంత్రములలో, ఓటరు తన కన్నులతో సరిచూచుకొనదగిన కాగితమే లేకపోయెను.

దాని ఫలము 2006లో అదే ఫ్లోరిడాయందు సరసోటా మండలమున బయటపడినది. కాంగ్రెసు స్థానమునకు జరిగిన పోటీలో గెలుపు తేడా 369 ఓట్లు. ఓటు వేయుటకు వచ్చియు ఆ పోటీలో ఎవరికిని ఓటు వేయనట్లుగ యంత్రములు చూపినవారు సుమారు 18,000 మంది. వారు నిజముగనే వేయకుండిరా, తెర యమరిక వలన పొరబడిరా, యంత్రము మ్రింగినదా? కాగితము లేదు గనుక ఎవ్వరును తేల్చి చెప్పలేకపోయిరి. మఱునాటి సంవత్సరముననే ఫ్లోరిడా కాగితపు బ్యాలెట్లకు మరలినది. లూసియానా మాత్రము 2024 ఎన్నికలలో సైతము, పోలింగు కేంద్రమునకు వచ్చిన ఓటరులచేత కాగితము లేని యంత్రములపైననే ఓటు వేయించినది. కాగితము లేనిచోట తనిఖీని గూర్చి మాటలాడుట వృథా.

కాగితమున్న రాష్ట్రములలో మొదట పుట్టినవి శాతపు నిబంధనలు. కాలిఫోర్నియా 1965 నుండియు నూటికొక పోలింగు ప్రాంతమును చీట్లు వేసి ఎన్నుకొని, అందలి ఓట్లను చేతితో లెక్కించుచున్నది. న్యూయార్కు యంత్రములలో కనీసము నూటికి మూడింటిని తనిఖీ చేయుమన్నది. కనెక్టికట్టు మొదట నూటికి పదన్నది, పిమ్మట దానిని అయిదు చేసినది. పెన్సిల్వేనియా నిబంధన మఱియు విచిత్రము: నూటికి రెండు ఓట్లు గాని, మొత్తము రెండువేల ఓట్లు గాని, ఏది తక్కువయైన నది. లక్షల ఓట్లు పోలైన నగరమున రెండువేలు చూచుట హాస్యాస్పదమని పెక్కుమంది పరిహసించిరి. పరిహాసము తప్పుచోట పడినది. కుండలోని అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు ఒక్క మెతుకు చాలునని ఇల్లాండ్రకు తెలియును. కుండ పెద్దదైనంతమాత్రమున పిడికెడు మెతుకులు పట్టనక్కఱలేదు. ఓట్లన్నింటిని కలగలిపి నిజముగ యాదృచ్ఛికముగ తీసిన రెండువేల కాగితములు, మొత్తము రెండు లక్షలైనను ఇరువది లక్షలైనను, ఇంచుమించు ఒక్కటే బలముగల సాక్ష్యము.

అయితే ఈ సామెతకు ఒక షరతున్నది. అన్నము ఒక్క కుండలో, ఒక్క పొయ్యిమీద ఉడికినదై యుండవలెను. రెండువందల యేబది యిండ్లలో రెండువందల యేబది పొయ్యిలమీద కుండలు పెట్టినప్పుడు, అయిదిండ్లకు పోయి అయిదు కుండలను అడుగంటదాక గాలించినను, తక్కిన యిండ్లలో ఏది మాడినదో తెలియదు. ఓట్లను ఒక్కొక్కటిగ ఎన్నుకొనుటకును, యంత్రములను ఒక్కొక్కటిగ ఎన్నుకొనుటకును గల భేదమిదియే. శాతము అనుమాట ఈ భేదమును కప్పిపుచ్చును. అంతకు మించిన లోపము మఱియొకటి: గెలుపు తేడా రెండు లక్షలైనను, రెండువందలైనను శాతపు నిబంధన ఒక్కటే పని చేయించును. తేడా ఎక్కువైనచోట వృథాశ్రమ, తక్కువైనచోట వృథానమ్మకము.

ఈ దోషమును గుర్తించి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు గణాంక శాస్త్రజ్ఞుడు ఫిలిప్ స్టార్క్ 2007-2008 ప్రాంతమున వేఱొక పద్ధతిని ప్రతిపాదించెను. ఎంత చూడవలెనని ముందుగ నిర్ణయింపక, తప్పు ఫలితము తప్పించుకొనిపోవుటకు ఎంతవఱకు సందు ఇయ్యవచ్చునో ముందుగ నిర్ణయించుట ఆ పద్ధతి. కొలరాడో 2009లో దీనిని చట్టము చేసి, 2017 నవంబరులో రాష్ట్రమంతట ఆచరణలో పెట్టినది. ఆ పని చేసిన మొదటి రాష్ట్రమదియే. ఆ యేట పెట్టుకొన్న హద్దు నూటికి తొమ్మిది. ఈ యంకెను చదివి, ఫలితము తప్పగుటకు నూటికి తొమ్మిది పాళ్లు అవకాశమున్నదని యర్థము చెప్పువారు కలరు. అది పొరపాటు. ప్రకటించిన విజేత నిజముగ ఓడినవాడే యైనచో, ఆ తప్పు పట్టుబడి ఓట్లన్నియు చేతితో లెక్కింపబడుటకు నూటికి తొంబదియొకటికి తక్కువ కాని అవకాశముండునని దాని యర్థము. పిమ్మటి ఎన్నికలలో ఆ హద్దును కొలరాడో మఱింత దించినది.

కొలరాడో పద్ధతిలో మెచ్చదగినది గణితముకంటె క్రమము. మండలములన్నియు మొదట తమ లెక్కలను, ఏ కాగితము ఏ పెట్టెలో ఎన్నవదిగ నున్నదను పట్టికను రాష్ట్ర కార్యాలయమునకు దాఖలు చేయును. అటుపిమ్మట మార్పు చేసిన బయటపడునట్లు వానికి ముద్ర పడును. అప్పుడుగాని, పదేసి ముఖములుగల పాచికలను జనుల యెదుట ఇరువది మారులు వేయరు. ఆ ఇరువది అంకెల సంఖ్య నుండి ఏయే కాగితములు తీయవలెనో గణనయంత్రము చెప్పును. ఉభయ పక్షములవారును కూర్చున్న మండలి ఆ కాగితమును పెట్టెలోనుండి తీసి, మనుష్యుడు చదివినదానిని యంత్రము చదివినదానితో పోల్చును. లెక్క దాఖలైన తరువాత పాచిక పడుచున్నది గనుక, ఏది తనిఖీకి వచ్చునో ముందెఱిగి దానినొక్కదానిని సరిగా నుంచుటకు ఎవ్వరికిని వీలులేదు. తేడా నూటికి పదియైనచో, హద్దు అయిదు పాళ్లని పెట్టుకొన్నను, తప్పేమియు కనబడకున్న అఱువది కాగితములకు అటునిటుగా చాలును. తేడా నూటికి ఒకటైనచో ఆఱువందలకు పైగా కావలెను. తేడాలు కనబడినకొలది కాగితములు పెరుగును. చివరకు అన్నియు లెక్కింపవలసి రావచ్చును. శ్రమ అనుమానమును బట్టి పోవును గాని అంకెను బట్టి కాదు.

ఇంత చెప్పిన పిమ్మట కొలరాడోలోని కొఱతయు చెప్పవలెను. హద్దు ప్రకారము తనిఖీ జరుగునది ఎంపిక చేసిన కొన్ని పోటీలకే. రాష్ట్ర స్థాయి పోటీయొకటి, ప్రతి మండలమునను ఒకటి, ఇట్లు. చిన్న ఊరి పాలక మండలికి పదునాలుగు ఓట్లతో గెలిచినవాని గెలుపును ఎవ్వరును ప్రత్యేకముగ పరీక్షింపరు. తేడాలు మిక్కిలి స్వల్పముగ నుండునది అట్టి పోటీలలోనే.

జార్జియా కథ ఇంతకంటె చిక్కైనది. 2019లో అచ్చట క్రొత్త చట్టము వచ్చి, ఓటరు తెరపై తాకగా యంత్రము కాగితమును ముద్రించి యిచ్చు పద్ధతిని ప్రవేశపెట్టినది. 2020 అధ్యక్ష ఎన్నికలో గెలుపు తేడా సుమారు అయిదు మిలియనుల ఓట్లలో పండ్రెండువేలకు అటునిటుగా నుండుటచేత, కొన్ని కాగితములతో తేలదని, రాష్ట్ర కార్యదర్శి ఓట్లన్నింటిని చేతితో లెక్కింపించెను. ఫలితము నిలిచినది. ఆ లెక్కలోనే ఫ్లాయిడ్ మండలమున యంత్రమునకు ఎక్కింపక వదలివేసిన 2,500కు పైబడిన బ్యాలెట్లు బయటపడినవి. మఱి రెండుమూడు మండలములలోను ఇట్టి మఱపులే కనబడినవి. ఇది యంత్రపు మోసము కాదు, మనుష్యుల మఱపు. తనిఖీ లేకున్న ఆ ఓటరులు ఓటు వేసియు వేయనివారుగనే మిగిలెడివారు. తనిఖీయనగా దొంగను పట్టుటయే యనుకొనువారు ఈ సంగతిని గమనింపవలెను.

కాని జార్జియా కాగితముమీద రెండు వ్రాతలుండెను: మనుష్యుడు చదువు అక్షరములు ఒకటి, యంత్రము చదువు చుక్కల గళ్లు ఒకటి. ఓటరు మొదటిదానిని చూచి తృప్తిపడును. యంత్రము రెండవదానిని లెక్కించును. చేతి తనిఖీలో అక్షరములను చదువుదురు గనుక రెండింటికి తేడా యున్న పట్టుబడునన్నది సమాధానము. తనిఖీకి రాని పోటీలలోనో? 2026 జూలై 1 నుండి ఆ గళ్లను లెక్కకు వాడరాదని 2024లో మఱియొక చట్టము చేయవలసి వచ్చినది. అక్షరముల సంగతియు అంత నిశ్చింతగా లేదు. మిచిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బూటకపు ఎన్నికయొకటి నడిపి, ప్రతివాని కాగితముపైనను ఒక తప్పును కావలెనని ముద్రింపించిరి. దానిని అధికారులకు చెప్పినవారు నూటికి ఏడుగురు లేరని 2020లో ప్రకటించిరి. కొలరాడోలో ఓటరులలో అత్యధికులు ఇంటికి వచ్చిన బ్యాలెట్టును తమ చేతితోనే గుర్తింతురు. అచ్చట కాగితము ఓటరు చేతివ్రాత. జార్జియాలో అది యంత్రపు వాఙ్మూలము. ఒకే పేరుగల తనిఖీ రెండుచోట్ల ఒకే బలము గలది కాదు.

నిబంధన ఎన్నికకు ముందే యుండుట ఎంత యవసరమో ఆరిజోనాలో తెలిసినది. మారికోపా మండలమున 2020లో చట్టప్రకారము కొన్ని కేంద్రముల ఓట్లను చేతితో లెక్కింపగా తేడా ఏమియు రాలేదు. అయినను మఱుసటి యేట రాష్ట్ర సెనేటు, ఎన్నికల తనిఖీలో అనుభవము లేని యొక సంస్థను నియమించి, ఇరువది లక్షలకు పైబడిన బ్యాలెట్లను మరల లెక్కింపించినది. నియమములు పని నడుచుచుండగనే మాఱుచుండెను. నెలల పిమ్మట వచ్చిన యంకెలలో గెలిచినవానికి 99 ఓట్లు పెరిగినవి, ఓడినవానికి 261 తగ్గినవి. దీనికి తనిఖీయను పేరు పెట్టుట భాషకు చేసిన యపచారమనక తప్పదు.

ఇక భారతదేశమునకు రావలెను. 1982లో కేరళయందలి పరవూరులో మొదట వాడబడిన ఓటు యంత్రము, న్యాయస్థానపు ఆక్షేపణమును, 1989 నాటి చట్టసవరణమును దాటి, 2004 నాటికి దేశమంతట వ్యాపించెను. దానిని తయారుచేయువి రెండు ప్రభుత్వ సంస్థలు: బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్సు, హైదరాబాదు ఎలక్ట్రానిక్సు కార్పొరేషను. ఓటరు ఏడు సెకనులపాటు అద్దములోనుండి చూడగల కాగితపు చీటీ, అనగా వీవీప్యాట్, 2013లో నిబంధనలలో చేరి, నాగాలాండునందలి నోక్సెన్ ఉపఎన్నికలో మొదట వాడబడినది. అదే యేడు అక్టోబరులో సుప్రీంకోర్టు దానిని దశలవారీగా అంతట పెట్టుమనెను. 2019 సార్వత్రిక ఎన్నికలలో ప్రతి యంత్రమునకును ఆ పెట్టె తోడైనది. కాగితము వచ్చినది, ఎంత చూడవలెనను ప్రశ్నయు దానితో వచ్చినది.

ఎన్నికల సంఘము మొదట శాసనసభా నియోజకవర్గమునకు ఒక్క యంత్రము చాలుననెను. సగము యంత్రముల చీటీలను లెక్కింపవలెనని ఇరువదియొక్క ప్రతిపక్ష నాయకులు 2019లో సుప్రీంకోర్టును అడిగిరి. అందు మొదటి యర్జీదారు నాటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుడు. సగము లెక్కించిన ఫలితములు అయిదాఱు దినములు ఆలస్యమగునని సంఘము వాదించెను. 2019 ఏప్రిల్ 8న న్యాయస్థానము ఒకటిని అయిదు చేసినది. దేశమంతట 4,125 యంత్రములకు బదులు 20,625 యంత్రములు తనిఖీకి వచ్చినవి.

సంఘము తన వాదమునకు ఆధారముగ చూపినది ఒక గణాంక నివేదిక. దేశమందలి పది లక్షలకు పైబడిన యంత్రములలో 479 యంత్రములను యాదృచ్ఛికముగ తీసి చూచినచో, నూటికి రెండుకు మించి చెడ్డవి లేవని నూటికి తొంబదితొమ్మిదికి పైగా నమ్మకముతో చెప్పవచ్చునన్నది దాని సారము. గణితము సరియే. ప్రశ్నయే తప్పు. ఓటరుకు కావలసినది దేశమందలి యంత్రములు మొత్తముమీద మంచివా యన్నది కాదు; తన నియోజకవర్గమున ప్రకటించిన విజేత నిజముగ గెలిచెనా యన్నది. పొయ్యిలు వేర్వేరని మఱచి, ఊరంతయు ఒక్క కుండయని లెక్క కట్టినట్లైనది.

లెక్క వేసి చూచిన తేటపడును. రెండువందల యేబది పోలింగు కేంద్రములున్న శాసనసభా నియోజకవర్గమున నూటికి రెండు చొప్పున అయిదు యంత్రములు చెడినవనుకొందము. అయిదింటిని చీట్లు వేసి తీసినచో, చెడినది ఒక్కటియు చేతికి రాకుండుటకు నూటికి తొంబది పాళ్లు అవకాశమున్నది. నూటికి తొంబదియైదు పాళ్ల నమ్మకము కావలెనన్న సుమారు నూటపది యంత్రములు చూడవలెను. అదే నియోజకవర్గమున, ఫలితము తారుమాఱు కావలెనన్న యేబది యంత్రములు చెడవలసినంత తేడా యున్నచో పదమూడు పదునాలుగు చాలును. అనగా తేడాను చూడకుండ అయిదని గాని, సగమని గాని అనుట రెండును గుడ్డిలెక్కలే. సంఘము కోరినది తక్కువ, అర్జీదారులు కోరినది పెక్కుచోట్ల అనవసరముగ ఎక్కువ.

అయిదను అంకె ఎంత అంధముగ పనిచేయునో చూచుటకు తెలుగువారి రెండు కొసలను ప్రక్కప్రక్కన పెట్టిన చాలును. పుదుచ్చేరి లోక్‌సభ స్థానమున యానాముతో కూడ ముప్పది శాసనసభా నియోజకవర్గములున్నవి. అన్నింటికి కలిపి ఓటరులు సుమారు పది లక్షలు, కేంద్రములు సుమారు వేయి. అచ్చట నూటయేబది యంత్రములు తనిఖీకి వచ్చును. తెలంగాణమునందలి మల్కాజిగిరి లోక్‌సభ స్థానమున 2024లో ఓటరులు ముప్పదియేడు లక్షలకు పైబడిరి. దేశమున అదియే అతిపెద్దది. దానిలో నియోజకవర్గములు ఏడు మాత్రమే గనుక తనిఖీకి వచ్చునవి ముప్పదియైదు. నూటికి రెండు యంత్రములు చెడినచో పుదుచ్చేరిలో పట్టుబడుటకు అవకాశము నూటికి తొంబదియైదుకు పైన. మల్కాజిగిరిలో ఇంచుమించు సగము. యానాము ఓటరు తన లోక్‌సభ సభ్యుని విషయమున నిశ్చింతగా నుండవచ్చును. మల్కాజిగిరి ఓటరుకు ఆ భాగ్యము లేకపోవుటకు కారణము ఎవరి దురుద్దేశమును కాదు, ఎవ్వరును ఈ లెక్క వేయకపోవుటయే.

భారత నిబంధనలలో మంచియు లేకపోలేదు. యంత్రముల లెక్క చివరి దఫా ముగిసిన పిమ్మట, అభ్యర్థుల యెదుట చీట్లు వేసి కేంద్రములను ఎన్నుకొందురు. కొలరాడోలో మెచ్చుకొన్న క్రమమే యిది. యంత్రపు అంకెకును చీటీల లెక్కకును తేడా వచ్చినచో చీటీలదే పైచేయియని 56డి నిబంధన స్పష్టముగ చెప్పుచున్నది. అమెరికా రాష్ట్రములు కొన్నింటిలో ఈపాటి స్పష్టతయు లేదు. కాని ఆ నిబంధన ఆ యొక్క యంత్రపు లెక్కను సవరించి యూరకున్నది. అయిదింటిలో ఒకటి తప్పినచో తక్కిన రెండువందల నలుబదియైదింటి గతి యేమి? ఒక కుండ మాడినదని తెలిసిన పిమ్మట ప్రక్క కుండ మూత తీయుటకు నిబంధన లేదు. కొలరాడో నిబంధనకు ప్రాణమైన మెట్టు ఇదియే.

2019లో తనిఖీకి వచ్చిన యంత్రములన్నింటిలో తేడా కనబడినది ఒక్కచోటనే యని ఎన్నికల సంఘము సుప్రీంకోర్టుకు తెలిపెను. ఆ యొక్కచోటు ఆంధ్రప్రదేశమునందలి మైదుకూరు నియోజకవర్గమున ఒక పోలింగు కేంద్రము. పోలింగునకు ముందు ఏజెంట్ల యెదుట వేసిన నమూనా ఓట్లను తుడిచివేయకపోవుట దానికి కారణమనిరి. ఈ వివరణము నమ్మదగినదే. ఫ్లాయిడ్ మండలమందు వలెనే ఇదియు మనుష్యుల మఱపు. అయినను వేల యంత్రములలో ఒకచోట పట్టుబడిన మఱపు, చూడని లక్షల యంత్రములలో ఎన్నిచోట్ల దాగియుండునో యను ప్రశ్నను అది నిలిపియే పోయినది. మూడు నాలుగు వందల ఓట్లతో తేలిన స్థానములలో ఇట్టి మఱపులు నాలుగైదు చాలును.

2024 ఏప్రిల్ 26న న్యాయమూర్తులు సంజీవ్ ఖన్నా, దీపాంకర్ దత్తా, చీటీలన్నింటిని లెక్కింపవలెనను ప్రార్థనను త్రోసిపుచ్చి, రెండు క్రొత్త యేర్పాట్లు చేసిరి. గుర్తులను యంత్రములోనికి ఎక్కించు ఉపకరణమును ఫలితముల పిమ్మట నలుబదియైదు దినములు ముద్రవేసి భద్రపఱుపవలెను. రెండవ, మూడవ స్థానములలో నిలిచిన అభ్యర్థి ఏడు దినములలో వ్రాసి కోరినచో, నియోజకవర్గమునకు నూటికి అయిదు యంత్రముల మైక్రోకంట్రోలరును పరీక్షింపించుకొనవచ్చును. ఖర్చు అతనిదే, మోసము బయటపడిన తిరిగి యిత్తురు. మొదటి యేర్పాటు శ్లాఘ్యము. రెండవదానిలో మూడు లోపములు కనబడుచున్నవి. పరీక్ష చేయువారు యంత్రమును తయారుచేసిన సంస్థల ఇంజనీర్లే. నగ చేసినవాడే గీటురాయి పట్టుటకు ఇదియొక యుదాహరణము. పరీక్ష యంత్రపు మనస్సునకే గాని, ఆ దినమున అది చెప్పిన లెక్కకు కాదు. లెక్కకు సాక్ష్యము చీటీలలో నున్నది. పరీక్షించు సందర్భమున యంత్రములోని ఓట్ల దాఖలాను తుడిచివేయరాదని 2025 ఫిబ్రవరిలో న్యాయస్థానము మరల చెప్పవలసి వచ్చుటయే ఆ యేర్పాటు ఎంత తొందరలో రూపొందినదో తెలుపును. మూడవ లోపము మఱియు లోతైనది: తనిఖీని ఓడినవాని కోరికగ, ఓడినవాని ఖర్చుగ చేయుట. ఓటు అభ్యర్థిది కాదు, ఓటరుది. కోరువాడు లేనిచో చూచువాడు లేడనుట ఓటరుకు తగిన న్యాయము కాదు.

కావలసిన మార్పు పెద్దది కాదు. కేంద్రముల సంఖ్యను, గెలుపు తేడాను బట్టి ఎన్ని యంత్రములు చూడవలెనో తెలుపు పట్టికయొకటి. తేడా కనబడినచో ఎన్నింటికి విస్తరింపవలెనో తెలుపు రెండవ పట్టికయొకటి. తేడా లక్ష దాటినచోట అయిదుకంటె తక్కువైనను దోషము లేదు. వందలలో నున్నచోట అన్నియు లెక్కించినను ఆ కొలది స్థానములకే ఒకటి రెండు దినములు పట్టును గాని దేశమంతటి ఫలితములు ఆగవు. ఒకటి యను అంకెను పెట్టినది పార్లమెంటు కాదు, ఎన్నికల సంఘము. దానిని అయిదు చేసినది ఒక న్యాయస్థానపు ఉత్తర్వు. పట్టికను పెట్టుటకును అంతకు మించిన యధికారము అక్కఱలేదు.